రూపాయి బిళ్లంత మసి

“లేవే తల్లీ, లే! నీ కాళ్ళకి దణ్ణం పెడతాను. ఈ రోడ్డు నీ బాబుదే, ఒప్పుకుంటున్నాను. లే!”

స్పీకర్లోంచి వచ్చిన ఆ గొంతు ఒక లారీ డ్రైవరుది. అతనెవరో గదిలో ఉన్న ఇద్దరికీ తెలియదు. ముప్ఫై ఏళ్ళ కిందట ఏదో రోడ్డుకి అడ్డంగా పడుకున్న గేదెను బతిమాలుకుంటున్నాడని మాత్రం అర్థమైంది.

టెక్నీషియన్ గురునాయుడు కడుపు పట్టుకుని నవ్వాడు. విశాఖపట్నం కొండమీది ఆ ప్రయోగశాలలో పాతికేళ్ళుగా పనిచేస్తున్నాడు. అతను నవ్వడం డాక్టర్ కుముద ఎప్పుడూ చూడలేదు.

“గేదె లెగిసిందంటారా మేడమ్?”

“తరవాతి పొరలో మాట లేదు నాయుడు గారూ. ఇక ఎప్పటికీ తెలీదు.”

గాలి తీసేసిన గాజు పెట్టెలో, ముప్ఫై ఏళ్ళుగా తుక్కు దుకాణంలో పడివున్న లారీ ఇంజను హెడ్డు, అంటే సిలిండర్ల మీది ఇనుప మూత, ఉంది. ఇంజనులో ఇంధనం పేలిన ప్రతిసారీ లోపల పలచని మసి పొర ఒకటి అంటుకుంటుంది. దగ్గర్లో ఎవరైనా మాట్లాడితే ఆ మాటకి మంట వణుకుతుంది. ఆ వణుకు మసిలో గడ్డకట్టుకుపోతుంది. ఇంజను సొంత చప్పుడు ఎప్పుడూ ఒకటే కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేస్తే మిగిలేది మనిషి గొంతు. కుముద ఈ మాట అన్నందుకు పన్నెండేళ్ళపాటు తోటి శాస్త్రవేత్తలు నవ్వారు. వాళ్ళందరికీ ఆ గేదె జవాబు చెప్పింది.

చిక్కులు రెండున్నాయి. పొరను చదవాలంటే లేజర్‌తో దాన్ని కాల్చాలి. చదివిన మాటను దాచుకోవచ్చు గాని, చదవకుండా కాల్చిన మాట పోయినట్టే. ఇక రెండోది, ఏ మెకానిక్కూ మసిని బతకనివ్వడు. ఏడాదికో రెండేళ్ళకో హెడ్డు విప్పి గీకి పారేస్తాడు. అందుకే ఏ ఇంజనులోనూ పాత మాటలు దొరకవు.

ఒక్క ఇంజనులో తప్ప. అది ఎక్కడుందో కుముదకు తెలుసు. ఆ ఇంజను కోసమే ఆమె ఈ యంత్రాన్ని తయారుచేసింది. ఆ సంగతి ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

ఆమె వయసు నలభై ఏడు. తండ్రి పోయేనాటికి ఆమెకు పదకొండు నెలలు. ఇంట్లో ఆయన ఫొటో ఒకటుంది. ఆయన గొంతు ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు.

*

కాకినాడ జగన్నాథపురంలో, ఉప్పుటేరు గాలి తగిలే వీధిలో, పెంకుటింటి వెనక రేకుల షెడ్డు. కుముద తార్పాలిన్ లాగింది.

రెండు సీట్ల బండి. ఎడ్లబండి చక్రాల్లాంటి చెక్క చక్రాలు, వాటికి రబ్బరు పట్టీలు. స్టీరింగు చక్రం లేదు. దాని స్థానంలో పడవ చుక్కానిలాంటి ఇనుప కడ్డీ. సీటు కింద ఒకే ఒక్క సిలిండరున్న పెట్రోలు ఇంజను. పక్కన ఇత్తడి హారను. దాని రబ్బరు బుడ్డి ఎప్పుడో చిరిగిపోయింది.

“పది రోజుల్లో మ్యూజియం వాళ్ళు వస్తారు” అంది తల్లి మాణిక్యం. డెబ్భై రెండేళ్ళ మనిషి. చేతిలో నూనె గుడ్డ. రోజూ ఆ బండి తుడవనిదే కాఫీ తాగదు. “బండి పక్కన పెట్టే పేరు రేకు మీద ఏం రాస్తారో అడిగాను. ‘పందొమ్మిది వందల ఆరు నాటి మోటారు బండి. దిగుమతి ఇంజను’ అని రాస్తారట. ‘పట్నాల వీరభద్రాచారి చేశారండీ’ అంటే, ‘రుజువుందా మామ్మగారూ?’ అన్నాడా కుర్ర ఆఫీసరు. మంచివాడే. కానీ ఏం లాభం?”

వీరభద్రాచారి కుముదకు ముత్తాత. గుడి గంటలు పోతపోసే ఇంట పుట్టాడు. రేవులో పొగ పడవలు బాగుచేస్తూ, డబ్బాల్లో వచ్చే పెట్రోలు నిప్పు తగిలితే ఎంత బలంగా తంతుందో చూశాడు. గంట పోసిన అచ్చుమట్టిలోనే సిలిండరు పోతపోశాడు. నాలుగేళ్ళు కష్టపడి బండి నడిపాడు. మొదటిసారి ఇంజను తిరిగినరోజు రేవు కంపెనీ దొర స్వయంగా చూడడానికి వచ్చాడని, బండి తనకిచ్చెయ్యమని అడిగాడని, ఈయన ఇవ్వనన్నాడని ఇంట్లో చెప్పుకుంటారు. పదిహేను రోజులకి ఆ దొరే కేసు పెట్టాడు. ఓడలో వచ్చిన పెట్టెలోంచి ఇంజను దొంగిలించాడని. సిలిండరు అంత గుండ్రంగా తొలవడం ఇక్కడి మనిషి వల్ల కాదని కోర్టులో సాక్ష్యం చెప్పాడు. వీరభద్రాచారి ఆరు నెలలు జైల్లో ఉన్నాడు. దొర సీమకి వెళ్ళిపోయాక, గోదాములో తుప్పు పడుతున్న బండిని తుక్కు కింద వేలం వేస్తే, ముత్తవ్వ చేతి గాజులిచ్చి తెచ్చుకుంది.

అప్పటినుంచి నాలుగు తరాలుగా ఊళ్ళో దాని పేరు దొంగ బండి. స్కూల్లో కుముదను కూడా దొంగబండి వాళ్ళమ్మాయి అనేవారు.

“అమ్మా, మసి మాటలు దాస్తుందని చెప్పాను కదా, రుజువు హెడ్డులో ఉంది” అంది కుముద.

మాణిక్యం తుడవడం ఆపింది. “తాత బొట్టా?”

“అదే.”

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. దసరా ఆయుధ పూజకు ముందు రోజు మగవాళ్ళు ఇంజను హెడ్డు విప్పి, రాగి రేకుతో మసి గీకి అద్దంలా చేస్తారు. నడిమధ్యలో రూపాయి బిళ్లంత మేర మాత్రం ముట్టుకోరు. అది మొదటిరోజు పట్టిన మసి. దాని మీదే ఏటికేడాది కొత్త మసి పేరుకుని పెసరగింజంత మందమైంది. ఏ మెకానిక్ చూసినా నవ్వే పని. కానీ ఆ పిచ్చి ఆచారం వల్లే ఎనభై ఒక్క ఏళ్ళ మాటలు ఒకదాని మీద ఒకటి, రూపాయి బిళ్లంత చోట, చెదరకుండా ఉన్నాయి. అన్నిటికంటే అడుగున ముత్తాత. అన్నిటికంటే పైన నాన్న.

“మీ నాన్న ప్రతి దసరాకీ ఆ మసికి కుంకం పెట్టి ఏమనేవారో తెలుసా? ‘నీ పేరు నీకు ఇప్పిస్తాను తాతా’ అనేవారు. ఎంతమంది ఆఫీసర్లకి ఉత్తరాలు రాశారో. పోయే ముందురోజు కూడా ఒకటి రాశారు. అది వెనక్కి వచ్చేసరికి ఆయన లేరు.”

కుముద హారను బుడ్డిని వేళ్ళతో నొక్కింది. గాలి చిరుగులోంచి తుస్సుమంది. “ఇదెప్పుడు చిరిగిందమ్మా?”

“నువ్వు పుట్టిన ఏడాది.”

“హారను లేకుండా ఈ ఇరుకు సందులో ఎలా నడిపేవారు?”

మాణిక్యం నూనె గుడ్డ మడత పెట్టింది. మళ్ళీ విప్పింది. “నడిపేవారులే. ముందు హెడ్డు విప్పు. నట్లు ఎడమ వైపు నుంచి మొదలుపెట్టు. అలా అయితేనే వస్తాయనేవారు.”

*

హెడ్డు విశాఖ చేరిన మూడో రోజున లెక్క తేలింది. గురునాయుడు బోర్డు మీద అంకెలు వేసి, చాక్‌పీసు పక్కన పెట్టేశాడు.

“ఏటి మేడమ్, ఇలా వచ్చింది?”

పాత మసితో ఒక తంటా ఉంది. మొదటిసారి లేజరు తగిలిన క్షణం నుంచి పొరలు మెత్తబడి ఒకదానికొకటి అంటుకోవడం మొదలవుతుంది. నలభై ఎనిమిది గంటల్లో అంతా ఒకే ముద్ద. ఆలోగా చదివింది చదివినట్టు.

పైనుంచి కిందకే వెళ్ళాలి; వెనక నుంచి ముందుకి వచ్చే ఒక్కో మాటనీ యంత్రమే తిరగేసి వరసలో పెడుతుంది. మాట వినపడాలంటే నెమ్మదిగా కాల్చాలి. అలా అయితే ఏడాది పొరలకి ఆరు గంటలు పడుతుంది. వేగంగా కాలిస్తే ఏడాదికి అరగంట. కానీ అప్పుడు మాట వినపడదు. గొంతు ఎక్కడ లేచింది, ఎక్కడ తగ్గింది అన్నది మాత్రం కాగితం మీద ముల్లు గీస్తుంది. వేగం ఒక్కసారి మారిస్తే లేజరు మళ్ళీ కుదురుకోవడానికి నాలుగు గంటలు.

పైనున్న ఎనభై ఏళ్ళూ వేగంగా కాల్చడానికి నలభై గంటలు, కుదురుకోవడానికి నాలుగు, అడుగున రాయిలా గట్టిపడ్డ మొదటిరోజు పొరను ఇంకా నెమ్మదిగా చదవడానికి నాలుగు. సరిగ్గా నలభై ఎనిమిది. ఒక్క గంట కూడా మిగలదు.

“మసి సగానికి కోసి, అదో సగం, ఇదో సగం సదివితే?”

“కోస్తే గుసగుస కూడా రాదు. లారీ హెడ్డుతో చూశాం కదా.”

“అయితే పైనున్న మీ నాన్నగారు గానీ, అడుగునున్న ముత్తాతగారు గానీ” అన్నాడు గురునాయుడు నెమ్మదిగా. “ఇద్దరూ రారు.”

కుముద కిటికీ దగ్గరకు వెళ్ళింది. కింద రేవులో ఓడ ఒకటి లంగరు ఎత్తుతోంది. ఆమె చిన్నప్పుడు మంచం కింద దూరి ఒక ఆట ఆడుకునేది. నాన్న గొంతు ఎలా ఉండేదో తనే పలికి చూసేది. ఒకరోజు బొంగురుగా, ఒకరోజు సన్నగా. “కుముదా, అన్నం తిన్నావా?” అని తనే అడిగి, “తిన్నాను నాన్నా” అని తనే చెప్పేది. ఏ గొంతూ సరిపోయేది కాదు. సరిపోయిందో లేదో తేల్చే మనిషి ఒక్క అమ్మే. అమ్మ దగ్గర ఆ ఆట ఆడే ధైర్యం ఎప్పుడూ రాలేదు.

“నాయుడు గారూ, నేను నాన్ననే చదువుతాను” అంది వెనక్కి తిరక్కుండా. “ముత్తాత పోయి తొంభై ఏళ్ళు దాటింది. రేకు మీద ఏం రాస్తే ఆయనకేం?”

గురునాయుడు చాక్‌పీసు తీసి, బోర్డు మీద అంకెల కింద గీత గీశాడు.

*

మర్నాడు మధ్యాహ్నం మాణిక్యం విశాఖ వచ్చింది. చేతిసంచిలో పనసపొట్టు కూర, కందిపొడి, ఒక సీసాలో నెయ్యి. ప్రయోగశాల క్యాంటీన్లో కూతురి పళ్ళెంలో వడ్డిస్తూ, ఆమె చెప్పిందంతా విన్నది.

“పైనుంచి మీ నాన్న దాకా చదివితే, కింద తాతది ముద్దయిపోతుంది. అంతేనా?”

“అంతే.”

“తాతది చదవాలంటే మీ నాన్నది చదవకుండా కాల్చెయ్యాలి.”

“అవునమ్మా. నేను ఆ పని చెయ్యలేను. నువ్వు ఆయనతో ఆరేళ్ళు కాపురం చేశావు. నాకు ఒక్క మాట కూడా లేదు. ఒక్క మాట చాలు నాకు. తిట్టయినా సరే.”

మాణిక్యం నెయ్యి సీసా మూత బిగించింది. చాలా సేపు బిగించింది.

“పిచ్చిదానా, దేనికోసం ఏడుస్తున్నావే? పైన ఏముందని? మీ నాన్న ఇంజను తిరుగుతున్నంతసేపూ నోరు విప్పేవాడే కాదు.”

కుముద తల ఎత్తింది.

“నిజం. అది మీ తాతల నాటి పద్ధతి. ఇంజను మాట్లాడేటప్పుడు మనిషి మాట్లాడకూడదనేవారు. చెవి ఒగ్గి వినేవారు, అంతే. పక్కన కూర్చుని నేను ఏదైనా అంటే ఇలా చెయ్యి ఎత్తేవారు.” అరచెయ్యి పైకెత్తి చూపించింది. “ఇంజను ఆపాకే మాటలు. అప్పుడు మసి ఎక్కడిది? నువ్వు ఆరు గంటలు కూర్చుని వింటే వినపడేది వీధి కుక్కలు.”

“ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదేం?”

“నువ్వెప్పుడు అడిగావు? ఆయన గురించి నువ్వు నన్ను ఏమడిగావు చెప్పు, ఈ నలభై ఏడేళ్ళలో?”

అది నిజం. కుముద పళ్ళెం వంక చూసింది. పన్నెండేళ్ళ పని, ఇన్ని వేల గంటలు, అన్నీ ఒక్క మాట కోసం. మసి మాటను దాస్తుందని లోకానికి నిరూపించింది. అందులో మాట ఉందా లేదా అని ఇంట్లో ఉన్న మనిషిని అడగలేదు.

“తిను. చల్లారిపోతోంది” అంది మాణిక్యం. “తిని, తాత దగ్గరకి వెళ్ళు. మీ నాన్న వెళ్ళాలనుకున్నదీ అక్కడికే.”

*

శుక్రవారం ఉదయం పది గంటలకు లేజరు మసిని తాకింది.

గాజు పెట్టెలో చిన్న ఎర్ర చుక్క వెలిగింది. పాతకాలపు యంత్రంలోంచి కాగితం చుట్ట మెల్లగా కదిలింది. దాని మీద ముల్లు నీలి గీత గీస్తోంది. ఇంజను చప్పుడు తీసేశారు కాబట్టి, మాట లేనంతసేపు గీత తిన్నగా ఉంటుంది. మాణిక్యం గది బయట కుర్చీలో కూర్చుంది. లోపలికి రమ్మంటే రానంది.

మొదటి నిమిషం పైన పేరుకున్న దుమ్మే కాలింది, గీత తిన్నగా వెళ్ళింది.

రెండో నిమిషంలో ముల్లు ఎగిరింది.

రెండు పొట్టి గుట్టలు, వాటి మధ్య ఖాళీ. తరవాత ఒక పొడుగాటి ఎత్తు, మెట్లు మెట్లుగా పైకెక్కి, చివర్లో సాగి, తెగింది.

“మాటే!” అన్నాడు గురునాయుడు.

వెంటనే మళ్ళీ అదే ఆకారం. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. మళ్ళీ. మళ్ళీ. ఒక్కోసారి పొడుగుది ఇంకా పొడుగు. ఒక్కోసారి మధ్యలో చిన్న వణుకు, నవ్వులాంటిది. కానీ ఆకారం మాత్రం అదే.

“రోజూ ఒకే మాట అంటన్నారెవరో. ఆపమంటారా మేడమ్? ఇప్పుడు ఆపితే పైన ఇంకా ఉంది. సదవొచ్చు.” అతని చెయ్యి ఎర్ర మీట మీద ఉంది. “ఆపితే కింద తాతగారు పోతారు. సెప్పండి, బేగి సెప్పండి!”

కుముద తలుపు తోసుకుని బయటకు పరిగెత్తింది.

“అమ్మా, ఎవరో మాట్లాడుతున్నారు! బండి తీసినప్పుడల్లా అదే మాట. రెండు చిన్న కేకలు, ఒక పెద్ద కేక. ఎవరది?”

మాణిక్యం చీర కొంగు చివర ముడి వేస్తోంది. తల ఎత్తకుండానే చెప్పింది. “పెరుగమ్మి. పొద్దున్నే ఆయన బండి తీసే వేళకి సందులోకి వచ్చేది. పెరుగో పెరుగని. గొంతు రామకీర్తనలా ఉండేది.”

“నిజంగా?”

“నేను కొన్న పెరుగు నాకు తెలీదటే? వెళ్ళు, నీ పని చూసుకో.”

కుముద లోపలికి వచ్చింది. గురునాయుడు ఇంకా మీట మీద చెయ్యి తియ్యలేదు. “వదిలెయ్యండి” అంది. “పెరుగమ్మి అట.”

ముల్లు గీస్తూనే ఉంది. పది గంటల ఇరవై రెండు నిమిషాలకి ఆ ఆకారం ఆగిపోయింది. తరవాత గీత తిన్నగా సాగింది.

కుముద గోడ గడియారం చూసింది. తరవాత కాగితం చూసింది. ఇరవై నిమిషాలపాటు వచ్చింది. ఏడాదికి అరగంట అయితే ఇరవై నిమిషాలంటే ఎనిమిది నెలలు. నాన్న పోయిన నాటినుంచి వెనక్కి ఎనిమిది నెలలు. అంతకు ముందు లేదు.

నాన్న పోయేనాటికి తనకు పదకొండు నెలలు. మూడో నెల నిండితే గాని పసిపిల్లను వీధిలోకి తీసుకురారు. పదకొండులోంచి మూడు తీస్తే ఎనిమిది.

తనను వీధిలోకి తెచ్చిన నెలలోనే మొదలై, నాన్నతో ఆగిపోయింది. ఏ పెరుగమ్మీ అలా రాదు.

కుర్చీ అంచు పట్టుకుంది. గాజు పెట్టెలో ఎర్ర చుక్క ఏమీ పట్టనట్టు వెలుగుతోంది. ఇప్పుడు ఆపినా అక్కడ ఏమీ లేదు. ఆ ఎనిమిది నెలలూ పొగై, గొట్టంలోంచి కొండమీది గాలిలో కలిసిపోయాయి.

“మేడమ్, ఏటయింది? మొహం అలాగైపోనాది?”

“ఏం లేదు. పోనివ్వండి. కిందకి పోనివ్వండి.”

ఆ ఇరవై నిమిషాల కాగితాన్ని చింపి, మడత పడకుండా చుట్టి, కోటు జేబులో పెట్టుకుంది. తలుపు అద్దంలోంచి తల్లి వీపు కనిపిస్తోంది. ఆమె కొంగు ముడి విప్పుతోంది, వేస్తోంది.

*

ఆదివారం ఉదయం ఆరు గంటలకి లేజరు అడుగు పొర దగ్గర కుదురుకుంది. మ్యూజియం కుర్ర ఆఫీసరు కాకినాడ నుంచి రాత్రి బస్సులో వచ్చాడు. మాణిక్యం ఈసారి లోపలికి వచ్చి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

రెండు గంటలపాటు గరగర. ఎవరో దగ్గడం. ఎవరో “తొలగండర్రా, తొలగండి!” అనడం. ఆఫీసరు చేతిగడియారం చూసుకున్నాడు. మూడో గంట కూడా అయిపోతుండగా స్పీకరు సర్దుకుంది.

ఒక విదేశీ గొంతు, తెలుగు మాటలను రాళ్ళలా పేరుస్తూ: “ఈ ఇంజన్ ఎవరు చేసినారు?”

“నేనేనండి దొరగారూ.”

కుముద స్పీకరు వైపు వంగింది. ఆ గొంతు బొంగురు కాదు, సన్నం కాదు. పోతలో దిగిన కంచులా నిండుగా ఉంది.

“నువ్వు? అబద్ధము.”

“అచ్చు మట్టి నాది. పోత నాది. తొలిచింది ఈ చేతుల్తోనే. అదిగోండి, పాడైపోయిన పోతలు ఏడున్నాయి చావిట్లో. సూసుకోండి.”

అడుగుల చప్పుడు. ఇనుము మీద ఇనుము తగిలిన మోత. మళ్ళీ దొర గొంతు, ఈసారి దగ్గరగా: “నిజమే. నాకు ఇచ్చెయ్. నేను నా పేరు మీద చెన్నపట్నము పంపిస్తాను. నీకు ఏమి కావలె?”

“బండి కావాలంటే ఎక్కండి దొరగారూ, ఊరంతా తిప్పుతాను. పేరు మటుకు ఇవ్వను.”

జనం నవ్వు. తరవాత చప్పుడంతా ఒకే గరగరగా మారింది. గాజు పెట్టెలో ఎర్ర చుక్క ఆరిపోయింది. అక్కడ రూపాయి బిళ్లంత మేర శుభ్రమైన ఇనుము మెరుస్తోంది.

ఆఫీసరు లేచి నిలబడ్డాడు. జేబులోంచి కాగితం తీసి, ‘దిగుమతి ఇంజను’ అన్నచోట కొట్టేసి, మాణిక్యం ముందుకు వంగి, “ఇంటిపేరు ఎలా రాయాలి మామ్మగారూ?” అని అడిగాడు.

“పట్నాల” అంది మాణిక్యం. “పట్నాల వీరభద్రాచారి. ఒక్క అక్షరం తప్పు పోనివ్వకు బాబూ.”

*

ఆఫీసరు వెళ్ళిపోయాడు. గురునాయుడు టీ తెస్తానని వెళ్ళి, తొందరగా రాకూడదని తెలిసినవాడిలా రాలేదు.

కుముద కోటు జేబులోంచి కాగితం చుట్ట తీసి బల్ల మీద పరిచింది. నీలి గుట్టలు. రెండు పొట్టివి, ఒకటి పొడుగు.

“పెరుగమ్మి ఎనిమిది నెలలే పెరుగు అమ్మిందా అమ్మా?”

మాణిక్యం కాగితం వంక చూసింది. చాలాసేపు చూసింది. అబద్ధం చెప్పాలని కూడా ప్రయత్నించలేదు.

“నిజం చెబితే నువ్వు కాల్చేదానివి కాదు” అంది.

“కాల్చేదాన్ని కాదు.”

“అప్పుడు తాత దొంగగానే ఉండిపోయేవాడు. మీ నాన్న ఆ ఒక్క దిగులుతోనే పోయారే. అది ఆయన మాట కంటే పెద్దది.”

“నీకు వినాలని లేదా? నలభై ఆరేళ్ళయింది కదమ్మా. నీకు ఒక్కసారైనా...”

“ఎందుకుండదు?” మాణిక్యం గొంతు గబుక్కున లేచింది, తరవాత తగ్గింది. “రోజూ బండి ఎందుకు తుడుస్తాననుకున్నావు? అందుకే లోపలికి రాలేదు మొన్న. వస్తే నేనే ఆ మీట నొక్కేసేదాన్ని.”

కింద రేవులో ఏదో ఓడ కూసింది.

“అది ఏం మాటమ్మా?”

మాణిక్యం కళ్ళు తుడుచుకుంది. ఎందుకో నవ్వింది. “హారను చిరిగిపోయింది కదా. కొత్త బుడ్డి దొరకలేదు. నీకు మూడో నెల నిండాక రోజూ పొద్దున్నే నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని సందు చివరిదాకా తిప్పేవారు. హారను బదులు ఆయనే అరిచేవారు. దండోరా వేసేవాడిలా. వీధంతా నవ్వేది. ఆ ఎనిమిది నెలల్లో నోరు మూసుకుని నడిపిన రోజు ఒక్కటి లేదు ఆ మహానుభావుడు.”

“ఎలా అరిచేవారు?”

“నాకెలా వస్తుందే ఆ గొంతు?”

“గొంతు వద్దు. ఎలా అనేవారో అలా అను. ఎక్కడ పెంచేవారో, ఎక్కడ సాగదీసేవారో.” కుముద తల్లి పక్కన కుర్చీ లాక్కుని, కాగితం మీద మొదటి గుట్ట దగ్గర చూపుడు వేలు పెట్టింది. “ఇక్కణ్ణుంచి.”

మాణిక్యం తలుపు వంక చూసింది. ఎవరూ లేరని చూసుకుని, వీపు నిటారు చేసి, ఎడం చెయ్యి ఒళ్ళో పసిపిల్లను పట్టుకున్నట్టు మడిచి, కుడి చేత్తో లేని ఇనుప కడ్డీని పట్టుకుంది.

“పోం!”

వేలు మొదటి గుట్ట ఎక్కి దిగింది.

“పోం!”

రెండోది. తరవాత ఖాళీ. మాణిక్యం సరిగ్గా అంతసేపే ఊపిరి పట్టింది.

“తప్పుకోండహో... మా కుముదమ్మ వస్తోందహో... ఓ... ఓ!”

వేలు మెట్లు మెట్లుగా పైకెక్కింది. ‘కుముదమ్మ’ దగ్గర అన్నిటికంటే ఎత్తుకి వెళ్ళింది. చివరి ‘ఓ’ ఎక్కడ తెగిందో, నీలి గీత అక్కడే తెగింది. వెంట్రుకవాసి తేడా లేదు. డెబ్భై రెండేళ్ళ ఆడగొంతులో ఆ పైకెక్కడం, ఆ సాగడం, చివర్లో నవ్వు ఆపుకోలేక విరిగే ఆ విరుపు ఆమెవి కావు. ఇంకెవరివో.

కుముద చిన్నప్పుడు మంచం కింద పలికి చూసిన గొంతుల్లో ఒక్కటి కూడా ఇలా లేదు.

మాణిక్యం ఆయాసపడుతూ కూతురి వంక చూసింది. “సరిపోయిందా?”

కుముద వేలిని మళ్ళీ కాగితం మొదటికి తెచ్చి, మొదటి గుట్ట అడుగున ఆపి, అక్కడే ఉంచింది.